సర్వీసింగయ్యాక వెలిగిన లైటు

ఏవండీ,

మీరు పోయి నిన్నటికి ఏడాదయింది. ఈ ఉత్తరం మీకు అందదని తెలిసే రాస్తున్నాను. ఈ సంగతి మీ అంత సరదాగా వినేవాళ్లు నాకింకెవరున్నారు?

సోమవారం మన కారు కోరాపుట్‌లో సర్వీసింగ్ చేయించేను. సునాబెడ తిరిగొస్తుంటే డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ వెలిగింది. బండి వణకడం మొదలెట్టింది. అమ్మాయికి ఫోన్ చేస్తే, "ఆ బండి అమ్మేయమ్మా, నీకెందుకీ బాధ" అంది.

"లైటెందుకొచ్చిందో తెలీకుండా అమ్మను" అన్నాను.

పొద్దున్న లేని లైటు ఇప్పుడెందుకొచ్చింది? వాళ్లు మార్చింది ఆయిలూ, గాలి ఫిల్టరూ. బండి పక్కకి ఆపి, ఇంజను చల్లారేక బానెట్ ఎత్తేను. ఫిల్టరు డబ్బా పక్కన వైరు ప్లగ్గొకటి ఊడి వేలాడుతోంది. ఇన్నేళ్లూ మీరు బండి బాగుచేస్తుంటే టార్చి పట్టుకున్నదాన్ని, అదెక్కడిదో నాకు తెలీదా? టక్‌మనేదాకా నొక్కేను. స్టార్టు చేస్తే వణుకు పోయింది. లైటు మాత్రం పోలేదు.

మెకానిక్‌కి ఫోన్ చేసి, "ప్లగ్గు పెట్టేను కదా, ఇంకా ఏటి దాని కోపం?" అనడిగేను.

"తప్పు మాదేనమ్మా. కానీ అది ఎంటనే నమ్మదు. నాలుగైదుసార్లు నడిపితే, బాగుందని సూసుకుని అదే ఆరిపోద్ది" అన్నాడు.

అప్పట్నుంచీ రోజూ కావాలని బండి తీస్తున్నాను. ఈ పొద్దున్న లమ్తపుట్‌లో చెల్లిని చూద్దామని తాళం తిప్పితే, మిగతా లైట్లతో పాటు అదీ ఆరిపోయింది. మీకు చెప్దామని పక్క సీటుకేసి తిరిగేను. ఎప్పుడూ స్టీరింగ్ వదలని మీరు, బతికుండగా ఒక్కనాడూ కూర్చోని సీటది.