గోడలోంచి తీసిన చెక్క

యాన్బు, సౌదీ. మంగళవారం.

పడుకుంటే నిద్ర రావడం లేదు. పాతబస్తీలో మేం బాగుచేస్తున్న ఇల్లే, సముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టిన ఆ మూడంతస్తుల ఇల్లే కళ్ళముందు తిరుగుతోంది.

పొద్దున పై గదిలో పాత సున్నం గీకుతుంటే, రాళ్ళ వరుసల మధ్య అడ్డంగా పరిచిన చెక్క బయటపడింది. గోడలో చెక్క ఉంటే చెదలు పట్టినట్టేనని మా ఊళ్ళో పని నేర్చుకున్నప్పుడు విన్నాను. ఎవరినీ అడగకుండా మూరెడు ముక్క కోసి తీసేసి, ఆ సందులో సిమెంటు నింపాను. బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం ఇంజనీరు అందరినీ పిలిచి చెప్పాడు. ఈ రాయి మెత్తనిదట. ఇల్లు కాస్త కుంగినా గోడ పగలకుండా పట్టి ఉంచేది ఆ చెక్కలేనట. ఒక్కటి కూడా ముట్టుకోవద్దన్నాడు.

నాతో గది పంచుకునే పెద్దమేస్త్రీ మల్లన్నకు మాత్రం నేను చేసింది చెప్పాను.

"ఏం గాదు తియ్యి. రేపు పొద్దుగాల సున్నం పూస్తే ఎవ్వలకు ఎర్క గాదు."

"గోడకైతే ఎర్కనే గదన్నా."

"చెప్తే వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుతరు. సప్పుడు జెయ్యక పండు."

ఎగ్జిట్ అంటే నాకూ భయమే. కానీ పని అయి ఇల్లు జనానికి తెరిచాక ఆ మెట్లెక్కి పై గది చూడటానికి పిల్లలు కూడా వస్తారు...

ఆ ముక్కను సంచిలో పెట్టుకుని గదికి తెచ్చాను. చెదలు కనబడితే నా తప్పు సగమైనా తగ్గుతుందని, ఫోన్ లైటు వేసి నాలుగు వైపులా వెతికాను. ఒక్క రంధ్రం లేదు. లోపలైనా గుల్లగా ఉందేమోనని మేకు పెట్టి మెల్లగా కొట్టి చూశాను.

మేకు వంగిపోయింది.