నీ ఇష్టం

ఏమండీ,

ఫోన్లో అయితే మళ్లీ ఒక్క ముక్కలో తేల్చేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆసుపత్రి వరండాలోంచి చేశాను. కడుపులో బిడ్డకు గుండె సరిగ్గా రాలేదని, పుట్టినా బతకడం కష్టమని, ఉంచుకుంటారో తీయించుకుంటారో సాయంత్రంలోగా చెప్పమని డాక్టరమ్మ అన్నదని ఏడుస్తూనే చెప్పాను. మీరు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే అశోక్‌నగర్ రీడింగ్ హాల్లో ఫోన్ మాట్లాడనివ్వరని నాకు తెలుసు. మీరు గుసగుసగా, "నీ ఇష్టం. జర ఉండు, మళ్ల చేస్త" అన్నారు.

చీకటి పడేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత, తీసేయమని నేనే సంతకం పెట్టాను.

"అల్లుడేమన్నడు బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"సరే అన్నరు" అన్నాను.

ఈ ఉత్తరం హాల్లో చదవకండి, బయటికి పోయి చదవండి. లోపల గట్టిగా ఏడవనివ్వరు.