పొట్టేలు మార్చుకోని ఏళ్లు

ప్రొద్దుటూరు,
బేస్తవారం.

నాయనకు,

నీ మునెమ్మ రాస్తున్నాను. జియావుల్లా మామ ఇది నీకు చదివి వినిపించేటప్పుడు రామన్ననూ పక్కన కూర్చోబెట్టుకో. అన్న వినాలనే రాస్తున్నాను.

మన గొర్రెపిల్లలకు ఎవరూ విషం పెట్టలేదు నాయనా. చచ్చిన పిల్లల నమూనాలు, వాటి తల్లుల రక్తం, మన పొట్టేలు రక్తం మా పశువైద్య కాలేజీ సారు హైదరాబాదుకు జన్యు పరీక్షకు పంపారు. నిన్న ఫలితం వచ్చింది. ముందుకాళ్లు వంకరపోయి, లేచి పాలు తాగలేక చచ్చే ఆ జబ్బు మన పొట్టేలు రక్తంలోనే ఉంది. దానికి పైకేమీ కనబడదు. కానీ దాని కూతుళ్లనే మళ్లీ దానితో జత కలిపాం. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ లోపం కలిసి వచ్చిన పిల్లలే చచ్చాయి.

ఇదెందుకు జరిగిందో నీకు తెలుసు. ఇదివరకు మన పొట్టేలును ఏటి అవతల పుల్లన్న మామ మందలోకి తోలి, ఆయనది మనం తెచ్చుకునేవాళ్లం. ఆ రోజు రెండిళ్లవాళ్లం ఒకచోట అన్నం తినేవాళ్లం. ఆ ఊరొక పార్టీ, మన ఊరొక పార్టీ అయ్యాక మన పార్టీ పెద్దాయన వద్దన్నాడు. నువ్వు భయపడి మానేశావు.

నిన్న సాయంత్రం పెద్దాయన మనిషి మల్లికార్జున జీపులో మా హాస్టలుకు వచ్చాడు.

"ఏమ్మా డాక్టరమ్మా, శానా చదువుతాండావంట. పుల్లన్న నీళ్లలో మందు కలిపినాడని ఒక ముక్క రాసియ్యి."

"పరీక్షలో అట్లా రాలేదు."

"గొర్రెలకు పరీక్షలేందిమ్మా? రేపు ఓట్లు గూడా ఇస్తారా ఏంది?"

నేను రాయలేదు. నవ్వుతూనే జీపెక్కాడు. "సరేలే, మీ యన్నకు కాగితంతో పని ల్యా" అన్నాడు.

నాయనా, ఆదివారం పుల్లన్న మామ మైలవరానికి వస్తాడని అన్నకు తెలుసు. అన్నను ఆపు. నువ్వే ఏరు దాటి, ఆదివారం రావద్దని మామకూ ఒక మాట చెప్పు.

రాబోయే రోజుల్లో పొట్టేలును మందలోకి తోలేముందే ఒక చుక్క రక్తం చూసి, ఏ జత కలపకూడదో చెప్పేయవచ్చంటారు మా సారు. మన కాపరులందరికీ ఆ పని చేసిపెట్టాలని నా ఆశ. ఆ పరీక్షను మొదటిసారి మన మందకు చేయించాం. ఆ మంద పేరుతో ఒక మనిషి చావకూడదు.

నీ బిడ్డ,
మునెమ్మ

*

అమ్మా మునెమ్మా,

మీ నాయన చెప్తాంటే జియావుల్లా రాస్తాండాడు.

నీ జాబు శనివారం అందింది. రామన్న మళ్లా మళ్లా చదివిచ్చుకున్న్యాడు. "మామనా నాయనా నేను నరకాలనుకునింది!" అని యాడ్సినాడు. ఆదివారం వాడు ఇల్లు కదల్లా. గండం గడిసింది అనుకున్న్యా.

వాడు పోకుంటే పెద్దాయన ఇంకొందర్ని పంపిచ్చినాడమ్మా. మైలవరంలో బస్సు దిగంగానే పుల్లన్నను నరికినారు. "మా కాపరోని మందకు విషం పెడ్తావా" అని అరుచ్చా నరికినారంట. వాళ్లకు మన గొర్రెలతో పని ల్యా. సాకు కావాల, అంతే.

నేను పోయి వాళ్ల వాకిట్లో నిలబడినా. పుల్లన్న పెండ్లాం నాగేంద్రమ్మ నన్ను చూసి యాడ్సను గూడా యాడ్సల్యా. "శనివారమే తెలుసంట గదా అన్నా. ఏరు దాటొచ్చి ఒక మాట చెప్పల్యాకపోతివా?" అనింది. పెద్దాయన మనుషులు చూస్తారని భయపడి పోల్యా అని ఆయమ్మకు యట్ల చెప్పేది?

ఆన్నుంచి అట్లే జమ్మలమడుగు స్టేషనుకు పోయినా. విషం ల్యాదని చెప్పినా. పేర్లన్నీ చెప్పి వేలిముద్ర వేసినా. రామన్న గూడా చెప్పినాడు. కోర్టులో గూడా ఇదే చెప్తాం.

నువ్వు మాత్రం ఈ పక్క బస్సు ఎక్కొద్దు. నాకు బాగాలేదని ఎవరు పిల్సినా రావద్దు. సచ్చిపోయినానన్నా రావద్దు. పులివెందుల్లో మీ చిన్నమ్మ ఇంటికి పో. నామీద మన్ను వేసేకి రామన్న ఉంటే వాడు వేస్తాడు. వాడూ ల్యాకుంటే నేను వేస్తా అంటాండాడు జియావుల్లా.

మీ నాయన,
చిన్నసుబ్బయ్య