మూడో చిలుక వెనక్కి చూసింది

తిరుత్తణి,
జూన్ 9

చిరంజీవి ఉషకు మేనమామ ద్వారకనాథ్ దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ అత్త, మగ్గం ముగ్గురం క్షేమం. నువ్వు కొనిచ్చిన ఫోను మీదే నాకు నమ్మకం పోయింది. అందుకే ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. దాని మీద చాడీలు దాని నోట్లోనే చెప్పలేను కదా.

నీకు తెలుసు, ప్రతి ఆడికృత్తిక పండగకూ మన ఇంటి నుంచి కొండ మీద వల్లి అమ్మవారికి ఒక చీర పోతుంది. దాని అంచు అంతకుముందు ఏ చీర మీదా కనపడి ఉండకూడదు. లోకం చూసేసిన అంచు అమ్మవారికి ఎంగిలి అనేవాడు మా నాయన. ఆ అంచు నాకు ఏటా మధ్యాహ్నం కునుకులోనే వస్తుంది. లేవగానే మీ అత్త చంద్రావతికి చెబుతాను. ఆమె గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి గీసిస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి.

ఈసారి వచ్చిన కల ఎట్లాంటిదనుకున్నావు! కొండ మెట్లు కొర్రచేను మీదుగా తేలుకుంటూ పోతున్నాయి. అడుగు వేస్తే మెట్టు తడి నూలులా మెత్తగా దిగుతోంది. ఒక్కో మెట్టు నుంచి ఒక్కో చిలుక లేచి, ఎండలోకి పోయి, పచ్చటి దారమైపోయింది. వల్లి అమ్మవారు కన్నెగా కొర్రచేను కాసినప్పటిలా, ఎక్కడో ఎవరో "ఆలోలం, ఆలోలం" అని పాడుతూ పక్షుల్ని తోలుతున్నారు. లేచాక కూడా ఆ పాట కాసేపు మగ్గం గుంటలో తిరిగింది.

కండెలు చుట్టుకుంటున్న మీ అత్తను కదిలించడం దేనికని, ఫోనులో రికార్డు బొత్తాం నొక్కి కలంతా దానికే చెప్పాను. మర్నాటి నుంచి అది తెరిస్తే చాలు, చిలకల చీరలు! బెనారసు చిలకలు, సూరత్ చిలకలు, సగం ధరకు చిలకలు. నా కలను ఊరూరా అమ్ముకుంటోందమ్మా ఈ ఫోను. కృత్తికకు ఎన్నో రోజులు లేవు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

ఇట్లు,
మీ మామ
ద్వారకనాథ్

తా.క. 1: బొటనవేలు పెడితే తెరుచుకుంటుందన్నావు. యాభై ఏళ్ళు పోగులు లాగిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి. రోజూ నువ్వెవరని అడుగుతోంది.

తా.క. 2: మీ అత్త కూడా పది రోజులుగా "ఆ", "ఊ" తప్ప మాట్లాడటం లేదు. ఎండలు అట్లా ఉన్నాయి.

*

తిరువళ్లూరు,
జూన్ 13

పూజ్యులైన మామకు ఉష నమస్కారాలు.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మురిసిపోకండి. తమిళం చదివినంత సులువుగా నాకు తెలుగు రాదు కదా. మీ ఉత్తరాన్ని పక్కింటి రంగనాయకమ్మ టీచరు చదివి వినిపించారు. ఇది కూడా నేను చెబుతుంటే ఆవిడే రాస్తున్నారు.

మామా, ఒక్క మాట నిజం చెప్పండి. చిలకల అంచు ఇంకెవరైనా నేశారేమో చూద్దామని ఫోనులో మీరే వెతికారా లేదా? వెతికే ఉంటారు. ఒక్కసారి అడిగితే చాలు, ప్రకటనలవాళ్ళు ఇక నెల రోజులు అవే తెచ్చి చూపిస్తారు. అంగట్లో ఒక చీర తాకి చూస్తే బస్టాపు దాకా వెంటపడే బేరగాళ్ళు ఉంటారే, అట్లా. దాన్ని దొంగతనం అనలేం.

అయినా జాగ్రత్త మంచిదే. సెట్టింగుల్లో మైకు ఏ యాప్‌కు ఇచ్చారో చూసి అక్కర్లేనివన్నీ ఆపెయ్యండి. ఎవరో పంపిన లింకు నొక్కకండి. అప్‌డేట్ అడిగితే "తరువాత" అనకుండా వెయ్యండి. వేలు పని చెయ్యదు కాబట్టి నాలుగంకెల పిన్ పెట్టుకోండి, ఎవరికీ తెలియనిది. నేను మొబైల్ సర్వీసు షాపులో పగలంతా చేసేది ఇదే. ఫోనులు బాగు చెయ్యడం తక్కువ, మనుషుల్ని భయపెట్టడం ఎక్కువ.

అత్తను అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు
ఉష

తా.క. 1: కవరును గంజితో అంటించకండి. మగ్గానికి పెట్టే గంజి పెట్టినట్టున్నారు, కత్తిపీటతో కొయ్యాల్సి వచ్చింది.

తా.క. 2: ఇది రాస్తున్న రంగనాయకమ్మ సొంత మాట. నాయనా, నీ కల వింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఎవరికీ చెప్పలేదు, మా చెల్లెలికి తప్ప.

*

తిరుత్తణి,
జూన్ 23

చిరంజీవి ఉషకు మామ ఆశీస్సులు. రంగనాయకమ్మ గారికి నమస్కారాలు, వారి చెల్లెలికి కూడా.

క్షేమం అని రాయడానికి చెయ్యి ఆడటం లేదు. మైకు ఆపాను. పిన్ పెట్టాను. అది ఎవరికీ తెలియదు. ఉత్తరంలో కూడా రాయను. మన కొండకు మెట్లెన్నో అంతే అని మాత్రం నువ్వు గుర్తుపెట్టుకో.

ఇంత కాపలా పెట్టినా శనివారం ఏమైందో చూడు. ఫోటోలు తెరిచాను. అందులో నా అంచు ఉంది! గ్రాఫ్ కాగితం మీద గీసిన బొమ్మ. మెట్లు, కొర్రకంకులు, వరసగా చిలకలు. నేను గీయలేదు. ఎవరినీ గీయమనలేదు.

అంతకన్నా భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కలలో మూడో చిలుక ఎగరబోతూ ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఎందుకు చూసిందో తెలియదు. లేచాక ఆ సంగతే మరిచిపోయాను. ఫోనుకు చెప్పలేదు. బొమ్మ చూశాకే గుర్తొచ్చింది. బొమ్మలో మూడో చిలుక వెనక్కి చూస్తోంది!

నోటితో చెప్పింది వింటే చెవి అనుకోవచ్చు. చెప్పనిది గీస్తే ఏమనుకోవాలి? ఇది నా నిద్రలోకి దిగింది ఉషా. మెట్లెక్కి కొర్రచేను దాకా వచ్చి చూసి పోయింది.

ఫోనును తడిగుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టాను. చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటున్నాను, కల బయటికి కారకుండా. కానీ కునుకే రావడం లేదు. కళ్ళు మూస్తే చేను దూరంగా కనిపిస్తుంది, దగ్గరికి పోతే వట్టి చాప. కొత్త అంచు రాకపోతే ఈ కృత్తికకు అమ్మవారికి మన చీర లేదు. మా తాత నాటి నుంచి తప్పని వరస నా చేతిలో తెగిపోతుంది. అది తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

మీ షాపు ఎదురుగా మురళీధరన్ అనే అతను ఐఫోన్లు అమ్ముతాడట కదా. అది వాకిలి దగ్గర కాపలావాడున్న బంగళా అనీ, మన ఆండ్రాయిడు నాలుగు వాకిళ్ళ సత్రమనీ బస్సులో ఎవరో చెప్పారు. నాకు బంగళా ఇప్పించు.

ఇట్లు,
నిద్ర లేని మీ మామ

తా.క.: ఫోను తప్పిపోయిందని మీ అత్త వెతుకుతోంది. "యాడ పెట్టినావు?" అంది. ఇన్ని రోజుల తరువాత ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నేను చెప్పలేదు.

*

తిరువళ్లూరు,
జూన్ 27

మామకు ఉష నమస్కారాలు.

మురళీధరన్ పేరు మీ ఉత్తరంలో వినగానే నాకు కోపం వచ్చింది. తరువాత నవ్వొచ్చింది. మామా, మీ ఊళ్ళో రెండు నేత సంఘాలు ఉన్నాయి కదా. పక్క సంఘం చీర రంగు దిగుతుందని ఈ సంఘం, ఈ సంఘం చీర రంగే దిగుతుందని ఆ సంఘం చెప్పుకోవడం చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఈ ఫోను కంపెనీలదీ అదే పోటీ. ఒకరు గేటు గట్టిగా వేస్తారు, ఇంకొకరు నాలుగు దారులు ఇస్తారు. ఇంటాయనే తాళంచెవి వీధిలో చాటితే బంగళా అయినా ఒకటే, సత్రమైనా ఒకటే.

మీరు చాటారు. నాకు తెలుసు. పోగులు లెక్కపెట్టేవాళ్ళకు అంకె నోటితో అనకుండా వేలు కదలదు. పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు టీవీ రిమోటు కూడా "రెండూ... సున్నా... నాలుగూ..." అని పాడుతూ నొక్కారు. పిన్ కూడా అట్లాగే నొక్కుతున్నారు కదా?

ఏ కంపెనీ ఫోనూ కలలోకి రాలేదు. ఆ బొమ్మ తెరిచి వేలితో పైకి జరపండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ ఫోనుతో తీశారో కనిపిస్తుంది. ఆ వేళకు ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. దొంగ దొరుకుతాడు.

ముందు దాన్ని బియ్యంలోంచి తియ్యండి. తడిగుడ్డ దేనికి మామా!

మీ మేనకోడలు
ఉష

తా.క.: రంగనాయకమ్మ రాస్తున్నాను. 365 మెట్లు, పిన్‌కు నాలుగంకెలు. సున్నా ముందు పెట్టావా నాయనా, వెనక పెట్టావా? మా చెల్లెలు వెనక అంటోంది.

*

తిరుత్తణి,
జూలై 2

బంగారు తల్లి ఉషకు అత్త చంద్రావతి ముద్దులు.

తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాస్తున్నాను చూడు. నీకు టీచరమ్మ అవసరం ఉండదు. మీ మామకు తమిళ అక్షరాలు బస్సు బోర్డు వరకే. ఇంతకన్నా గట్టి తాళం మీ షాపులో కూడా ఉండదు.

నీ ఉత్తరం చూసి ఆయన ఫోను బయటికి తీశాడు. తేదీ చూశాడు. శుక్రవారం, మధ్యాహ్నం రెండూ నలభై, ఇదే ఫోను. ఆ వేళకు ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఒకరు చాప మీద, ఒకరు రాట్నం దగ్గర.

"చంద్రా, గీసింది నువ్వా?" అన్నాడు.

"నేనే. నువ్వు ఫోనుకు చెప్తా ఉంటే విన్నా."

"మూడో చిలుక సంగతి దానికి చెప్పలేదే! నీకెట్లా తెలిసింది?"

"ముప్ఫై నాలుగేండ్లు నీతో కాపరం చేసినాను. ఆ మాత్రం తెలీదా?" అన్నాను. ఆయన చెవుల్లోంచి దూది తీసి పక్కన పెట్టాడు.

అసలు సంగతి నీకు ఒక్కదానికే చెబుతున్నాను. మీ మామ నిద్రలో మాట్లాడతాడు. పెళ్ళయిన మొదటి ఏడు నుంచీ అంతే. కలలో ఏది కనిపిస్తే అది పైకి చదువుతాడు, పోగుల లెక్కతో సహా. ఎన్ని పోగులు పచ్చ, ఎన్ని పోగులు జరీ, అన్నీ. నేను రాట్నం ఆపి గీసుకుంటాను. ఆయన లేచి చెప్పే వేళకు సగం మరిచిపోయి ఉంటాడు. నేను ఊకొడతాను. సాయంత్రం కాగితం చేతికిస్తే "అబ్బ, అచ్చం చెప్పినట్టే గీసినావే" అని మురిసిపోతాడు. ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నిద్రలో కూడా జాగ్రత్తపడే మనిషి ఆయన. అప్పుడిక చిలకలు రావు.

ఈసారి లేచి నాకు చెప్పలేదు, దానికి చెప్పాడు. ఉషా, నాకు ఏడుపొచ్చింది. ఆయన చెప్పనిదే నేను కాగితం ఎట్లా ఇచ్చేది? కొన్ని రోజులు చాప కింద దాచుకున్నాను. తరువాత అనుకున్నాను, కల ఎవరికి చెప్పాడో బదులు కూడా అక్కడి నుంచే అందనీ అని. ఆయన నిద్రపోతుండగా ఫోను తెరిచి బొమ్మ తీసి అందులో పెట్టాను. దయ్యం అనుకుంటాడని నాకేం తెలుసు!

అంచును ఎవరూ చూడలేదు. ఆ బొమ్మ ఇల్లు దాటలేదు. నిన్నటి నుంచి మగ్గం ఆడుతోంది. కృత్తికకు చీర మగ్గం దిగుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి, ఫోను నా ఒళ్ళో పెట్టి, "ఇంక కలలు నీకు, కాల్స్ దానికి" అని పడుకున్నాడు. కునుకు కూడా వచ్చింది. ఇదిగో, ఇది రాస్తుంటే పక్కనే గాలిలో చెయ్యి కదుపుతూ ఎవరినో "ఆలోలం" అని తోలుతున్నాడు. ఎండ కిటికీలోంచి చాప మీదికి జరిగింది. మెట్లు ఇంకా కొన్ని ఉన్నట్టున్నాయి.

నీ అత్త
చంద్రావతి

తా.క. 1: టీచరమ్మ చెల్లెలికి చెప్పు, సున్నా ముందే.

తా.క. 2: అది పాత నంబరు, పరవాలేదు. నీ మాట విని నిన్న కొత్తది పెట్టాడు, ఈసారి నోరు మూసుకుని నొక్కాడు. పొద్దున లేచేసరికి దాన్ని మరిచిపోయాడు. ఇప్పుడే నిద్రలో చదివాడు. నేను గ్రాఫ్ కాగితం మూలన రాసి పెట్టుకున్నాను.