నువ్వు చూడాల్సిన ఆఖరి మార్పు

రమణా,

మన బిల్లుల సాఫ్ట్‌వేర్ ఈ వారం ఒక పెద్ద ఫౌండేషన్ చేతికి వెళ్తోంది. కాటన్‌పేటలో మీ నాన్న బట్టల కొట్టు కోసం నువ్వు రాసి, ఎవరైనా ఊరికే వాడుకోండని వదిలేసిందే. ఇప్పుడు ఎక్కడెక్కడి కొట్లలోనో నడుస్తోంది. దాన్ని చూసుకోవడం నా ఒక్కడి వల్ల కావట్లేదు.

వాళ్ళు మంచివాళ్ళే. కానీ మార్పుల్ని సరిచూసేవాళ్ళలో నీ పేరు ఉండకూడదట. వాళ్ళ లెక్కలో నువ్వు ‘ఇనాక్టివ్’. ఆ మాట చదివి ల్యాప్‌టాప్ మూసేశాను.

నువ్వు పోయినా నీ పేరు నేను తియ్యలేదు. నేను ఏ మార్పు చేసినా, చూడమని కబురు దానంతటదే నీకు వెళ్ళేది. నువ్వు చూడవని తెలుసు. అయినా “ఏమప్పా, అంత తొందరేముండాది? ఇంగొకసారి చూడు” అంటావని ఒక రోజు ఆగి, మళ్ళీ చదివి, అప్పుడే అసలు ప్రోగ్రాంలో కలిపేవాణ్ణి. తప్పులు దొరికేవి కూడా.

ఈ సాయంత్రం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆఫీసులో కూర్చుని, సరిచూసేవాళ్ళ జాబితాలో నీ పేరున్న లైను కొట్టేశాను. ఆ మార్పు కూడా నీకే వెళ్ళింది, చూసి ఒప్పుకోమని.

ఇందాక ఫౌండేషన్ వాళ్ళు ఫోన్ చేసి, ఇంకా ఎందుకు కలపలేదని అడిగారు.

ఇంకొకసారి చూస్తున్నానని చెప్పాను.