మీ ముందుమాట నాకొద్దు

రామలింగేశ్వరరావుగారికి,

నా నవలకి ముందుమాట రాస్తానంటూ మీరు పంపిన ఉత్తరం అందిందండీ. ‘ఉప్పునీళ్ల గ్రహం! ఎంత గొప్ప ఊహ!’ అని మెచ్చుకున్నారు.

అందులో ఊహ ఏమీ లేదండీ. మీ కింద పద్దెనిమిదేళ్లు రాజోలు చుట్టుపక్కల బోర్ల నీళ్లు సీసాల్లో పట్టి పరీక్ష చేసింది నేను. రొయ్యల చెరువుల పక్క ఊళ్ల నీళ్లలో ఉప్పు పెరుగుతోందని రిపోర్టు ఇస్తే, “జనాన్ని భయపెట్టకమ్మా” అంటూ మీరే అంకెలు దిద్దేరు. ఆ దిద్దిన కాగితం మీద నేనూ సంతకం పెట్టేను. మీరంటే ఎంత అసహ్యమో, నేనన్నా నాకంతే.

మరుసటేడు అక్కడికే వెళ్తే, మంగాయమ్మ అనే ఆవిడ గ్లాసుడు నీళ్లిచ్చి, “బాగున్నాయని మీరే రాసేరంట కదండీ, తాగండి” అంది. అన్నేళ్లలో ఆ నీళ్లు నోట్లో పోసుకోవడం అదే మొదటిసారి. మింగలేక ఆవిడ ముందే ఉమ్మేసేను. ఆ వారమే ఉద్యోగం మానేసి, మీరు రాయనివ్వనిదంతా కథగా రాయడం మొదలుపెట్టేను. వేరే గ్రహం అంటే ఎవరూ దిద్దరు కదండీ.

ఇప్పుడు ఆ చాటు కూడా నాకు రోతగానే ఉంది. అందుకే మీ ముందుమాటకి బదులు, మీరు కొట్టేసిన అంకెల్ని ఊళ్ల పేర్లతో, మనిద్దరి సంతకాలతో సహా అచ్చువేయిస్తున్నాను. మొదటి కాపీ మంగాయమ్మగారికి. రెండోది మీకు.

మీ ఆఫీసులో నీళ్లు పరీక్షించిన మనిషి