కరపత్రంలో లేని వాక్యం

15 జూలై 2008, మంగళవారం

ఒళ్లు అలిసిపోయింది, అయినా నిద్ర రావడం లేదు. బందరులో కాలేజీ నుంచి పెడన వచ్చేసరికి అన్నయ్య కలంకారీ అద్దకం ఆపేసి, ఏదో హైదరాబాద్ క్లినిక్ వాళ్ల ఇంగ్లీషు కరపత్రం పట్టుకుని కూర్చున్నాడు. శ్రావణంలో అన్నయ్యకి పెళ్లిచూపులు. నడినెత్తిన జుట్టు లేదు.

ప్రతి మాటకీ తెలుగు వెతుక్కుంటూ చదివి చెప్పాను. సూదితో నెత్తి మీద సన్నని రంగు చుక్కలు పొడుస్తారు. జుట్టు మొలవదు గానీ, పొట్టిగా కత్తిరించిన తలలా కనిపిస్తుంది. కొన్నేళ్లకు వెలుస్తుంది.

"గుడ్డయితే ముందు ముక్క మీద అద్ది చూస్తాం. తలకి ముక్కెక్కడ తెస్తారు చెల్లీ?" అని నవ్వాడు.

"మీ నాన్నకి పెళ్లినాటికే బట్టతల. నేను వద్దన్నానా?" అంది అమ్మ.

"అప్పుడు నిన్నెవరడిగారమ్మా!" అన్నాడు అన్నయ్య.

తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయికి ముందే చెప్పాలని రాశారా?" అని నన్నడిగాడు.

అందులో ఆ సంగతే లేదు. అన్నయ్య కళ్లల్లో ఆశ చూసి, "అక్కర్లేదని రాశారన్నయ్యా" అన్నాను. ఒక్క మాట పొల్లుపోకూడదని అంత తంటాలు పడి, చివరికి లేని వాక్యాన్ని అనువదించాను.

పొద్దున్నే హైదరాబాద్ వెళ్లే మొదటి బస్సుకని అన్నయ్య సంచి సర్దుకుని హాయిగా నిద్రపోయాడు. లేపి నిజం చెప్పాలి. రేపెప్పుడో నన్ను చూడటానికి వచ్చే అబ్బాయికీ నాలాంటి చెల్లెలు ఉండొచ్చు కదా...